ఇటివ్వండి మాస్టారు

సరుకు తెలిసినవాడికి దాన్ని అమ్మడం తేలికే. ఆ తెలిసింది ఇంకొకరికి నేర్పడం మాత్రం కత్తిమీద సాము. అమ్మేటప్పుడు చేతిలోది వదిలితేనే బేరం తెగుతుంది. నేర్పేటప్పుడు ఆ వదలడమే చేతకాదు. కొళాయిల కొట్టాయనకి ఈ లెక్క తేలడానికి పదకొండు శనివారాలు పట్టింది.

ముప్పై ఏళ్ళుగా ఆయన కొళాయిలూ గొట్టాలూ మేకులూ అమ్ముతున్నాడు. గ్రంథాలయం మేడమీద పెద్దల బడి ఒకటి నడుస్తోంది. అక్కడ 'ఇంటి కొళాయి మీరే బాగుచేసుకోండి' అని పన్నెండు వారాల క్లాసు పెడుతున్నాం, నేర్పుతారా అని అడిగితే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఎనిమిది మంది చేరారు. గోడవారగా పొడవాటి బల్ల, దానికి బిగించిన చెక్కకి నాలుగు కొళాయిలు, అటకమీది డ్రమ్ములోంచి దిగే గొట్టం, ఆ గొట్టానికో ఇత్తడి వాల్వు. అన్నీ ఆయనే అమర్చాడు. ఏర్పాటుకి వంక పెట్టడానికి లేదు. వంకంతా ఆయన చేతుల్లోనే ఉంది.

ఎవరైనా పానా పట్టుకుని రెండు తిప్పులు తడబడితే చాలు, ఆయన చెయ్యి చాపేవాడు. "ఇటివ్వండి." వాళ్ళు ఇచ్చేవాళ్ళు. చిటికెలో పాత వాషరు ఊడేది, కొత్తది కూర్చునేది. "చూశారుగా, ఇంతే."

చూశారు. ఎనిమిది మందీ పదకొండు వారాలు చూస్తూనే ఉన్నారు.

'ఇటివ్వండి మాస్టారు' అని పేరు పెట్టింది ఆ క్లాసులోనే చేరిన బస్సు డ్రైవరు. "నాకు బస్సు నేర్పినాయన కూడా మీలాంటివాడైతే, ఈపాటికి నేనింకా పక్క సీట్లోనే కూర్చుని ఉందును మాస్టారూ" అనేవాడు. ఆయన నవ్వేసేవాడు. నవ్వుతూనే ఆ డ్రైవరు చేతిలోని పానా లాక్కునేవాడు.

ఎనిమిది మందిలో డెబ్బై రెండేళ్ళ టీచరుగారు ఒకరు. రిటైరై చాలా కాలమైంది. ఒకప్పుడు ఈ కొట్టాయనకే మూడో తరగతి చెప్పింది. ఏడో ఎక్కం తప్పినందుకు పలకమీద సున్నా వేసి, ఆ సున్నాకి కళ్ళూ మూతీ గీసి ఇచ్చిన ఘనత ఆవిడది. ఇప్పుడావిడ వంటింటి కొళాయి కారుతోంది. బాగుచేసేవాణ్ణి పిలిస్తే రేపంటాడు, మాపంటాడు. "వాడి రేపుల కింద నేనెన్ని గిన్నెలు పెట్టనురా? నేనే నేర్చుకుంటా" అంటూ వచ్చి చేరింది. మిగతావాళ్ళ దగ్గర పానా ఊరికే లాక్కునేవాడు, ఆవిడ దగ్గర "టీచరుగారూ" అని గౌరవంగా లాక్కునేవాడు. తేడా అంతే.

పదకొండో వారం బడి నుంచి కాగితం వచ్చింది. వచ్చే శనివారం పరీక్ష. ఒక్కొక్కరూ ఒక్కో వాషరు తమంతట తామే మార్చాలి. పని వచ్చిందో లేదో మాస్టారు రాయాలి. ఆ మాస్టారికి నేర్పడం వచ్చో లేదో చూడ్డానికి ఒక పరిశీలకురాలు వస్తుంది. పరీక్షలో మాస్టారు చెయ్యి పెట్టాడా, ఇక మీదట ఆ క్లాసు పెట్టరు.

ఆ కాగితం కొట్లో భార్య చేతికిచ్చాడు. ఆవిడ మేకులు తూస్తూనే చదివింది.

"పదకొండు వారాల్లో ఎన్ని వాషర్లు మారాయండీ?"

"తొంభై దాకా ఉంటాయి."

"అందులో మీరు మార్చినవి?"

కాసేపు లెక్కేసుకున్నాడు. "ఎనభై అయిదు."

"అయితే ఆ క్లాసులో బాగా చదువుకున్నది మీరే. సర్టిఫికెట్టు మీకే ఇమ్మనండి."

ఇంటికి ధాన్యం బస్తా కొనేటప్పుడు పైన మెరిసే గింజ చూసి మోసపోయే రకం కాదు తను, మధ్యలోకి చెయ్యి పెట్టి పిడికెడు తీసి చూస్తాడు. అలాంటివాడు ఎనిమిది బస్తాల మీదా తన గింజలే పోసుకుని, పంట భేషుగ్గా ఉందని మురిసిపోయాడు. క్లాసు పోతే శనివారాలు పోతాయి. ఈ మధ్య ఆయన వారమంతా బతుకుతున్నది ఆ శనివారం కోసమే.

"నా చేతులు నా మాట వినవే" అన్నాడు.

భార్య డబ్బాలోంచి రెండు వాషర్లు తీసి ఆయన అరచేతుల్లో చెరొకటి పెట్టి, పిడికిళ్ళు మూసింది. "ఇవి కింద పడకూడదు. పడితే ఇంటికి రానక్కర్లేదు, ఆ డ్రమ్ము పక్కనే పడుకోండి."

శనివారం ఆయన పిడికిళ్ళు బిగించుకుని గదిలో నిలబడ్డాడు. ఎవరితోనో కొట్లాటకొచ్చాడేమోనని పరిశీలకురాలు ఓ అడుగు దూరంగా కుర్చీ వేసుకుంది. ఆయన నాలుగు నిమిషాల్లో చేసే పనికి డ్రైవరుకి అరగంట పట్టింది. ఆ అరగంటా ఆయన ప్రసవం గది బయట తిరిగే మొగుడిలా తిరిగాడు. చివరికి కొళాయి కారలేదు. అలా ఒకరి తరవాత ఒకరు, చెమటలు కక్కుతూ, నట్లు జారవిడుచుకుంటూ ఏడుగురూ గట్టెక్కారు.

ఆఖరున టీచరుగారు. కళ్ళద్దాలు సవరించుకుని పానా పట్టి నేరుగా కొళాయి మీదికే వెళ్ళింది. పైన వాల్వు కట్టలేదు. ఆయన చూశాడు. గొంతులోకి వచ్చిన 'ఇటివ్వండి'ని మింగాడు. పానా మూడో తిప్పు తిరిగేసరికి నీళ్ళు బుస్సుమని లేచి ఆవిడ అద్దాల మీదా, పరిశీలకురాలి కాగితాల మీదా పడ్డాయి. అందరూ లేచారు. ఆయన కాళ్ళు రెండడుగులు ముందుకేశాయి. పిడికిళ్ళు మాత్రం తెరుచుకోలేదు.

"టీచరుగారూ, ఈ నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయి?"

"ఎక్కణ్ణించేమిట్రా, పై డ్రమ్ములోంచి..." ఆవిడ ఆగింది. "ఓసి నా మతి మండా." వెళ్ళి వాల్వు కట్టింది. ఆ తరవాత ఒక్క పొరపాటు లేదు. కొళాయి బిగించి వదిలితే చుక్క కారలేదు.

పరిశీలకురాలు తడిసిన కాగితం దులిపి ఆయన ముందు పెట్టింది. మొదటి గడిలోనే ఉంది: పని మొదలుపెట్టకముందే వాల్వు కట్టాలి.

"పెద్దావిడ మాస్టారూ, చివరికి కట్టిందిగా" అని డ్రైవరు గొణిగాడు.

ఆయన లెక్కేశాడు. చదువు చెప్పిన చెయ్యి కదా అని తూకంలో కాస్త వేలు పెడితే ఈ పూట అందరూ సంతోషిస్తారు. రేపు ఆవిడ ఒక్కతే వంటింట్లో పానా పడుతుంది, పొయ్యిదాకా నీళ్ళొస్తాయి. ఆ నీళ్ళు తోడడానికి ఈ కాగితం పనికిరాదు. వాషర్లు జేబులో వేసుకుని, కలం తీసి రాశాడు: ఇంకా రాలేదు. వచ్చే శనివారం మళ్ళీ.

టీచరుగారు కాగితం తీసుకుని చదివింది. ఆవిడ ముందు ముసిముసిగా, తరవాత భుజాలు కదిలేలా నవ్వింది.

"నీకు సున్నా వేసిన రోజు ఏడ్చావు, గుర్తుందా?"

"గుర్తుందండి. మర్నాడు ఏడో ఎక్కం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను."

"అదీ. సున్నా ఎందుకు వేస్తామో నీకివాళ తెలిసింది."

పరిశీలకురాలు తన తడి కాగితం మీద రాసింది ఆయనకే చూపించింది. రెండే ముక్కలు: చేతులు కట్టుకోవడం వచ్చు. క్లాసు కొనసాగించవచ్చు. ఆయన అరచేతులు చూసుకున్నాడు. ఒక్కోదాని మీద ఒక్కో గుండ్రటి ముద్ర, చిన్న సున్నాల్లా.

మళ్ళీ శనివారం టీచరుగారు గదిలోకి రాగానే సంచీ కూడా దించకుండా వాల్వు దగ్గరికి నడిచింది. "కట్టాను, రాసుకో." పావుగంటలో పని ముగించింది. చూడ్డానికి వచ్చిన ఏడుగురూ బల్లలు చరిచారు. ఆయన ఠీవిగా కూర్చుని గడిలో రాశాడు: ఉత్తీర్నురాలు.

ఆవిడ చెయ్యి బాణంలా కలం మీదికొచ్చింది. "ఇటి..."

అక్కడే ఆగింది. నాలిక కరుచుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "ఒరేయ్, ఈ మాట ఒకచోట కారుతోంది. ఎక్కడో చూడు."

ఆయన మాటని మొదట్నుంచి చివరిదాకా తడిమాడు. 'న' దగ్గర ఆగాడు. కొట్టేసి, 'ణ' పెట్టి బిగించాడు.

"ఇప్పుడు కారట్లేదు" అంది టీచరుగారు.

ఆయన లేచి, జేబులోంచి ఆ రెండు వాషర్లూ తీసి, ఆవిడ రెండు చేతుల్లో చెరొకటి పెట్టాడు.