ఖాళీ గిన్నె

నా నోటికి జడిసి మా బడిలో గంట కూడా టైముకే మోగుతుందని తోటి టీచర్లు నవ్వుకుంటారు. ముప్పై ఏళ్లుగా ఆ మాటకు లోలోపల మురిసిపోయాను. ఇప్పుడు ఎవరైనా అంటే తలెత్తలేకపోతున్నాను.

ఒకటో తరగతికి కొత్తగా వచ్చిన చిన్న టీచరు పిల్లల్ని బెంచీల మీద కూర్చోనిచ్చేది కాదు. అందరినీ నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, ప్లాస్టిక్ గిన్నెల్లో గుండీలు వేయిస్తూ, తీయిస్తూ లెక్కలు చెప్పేది. ఆ గుండీలు పిచ్చుక వాళ్లమ్మ ఇచ్చినవి. ఆవిడ దర్జీ. పిచ్చుక గుప్పెడంత పిల్ల, నోరు తెరిస్తే మూయదు. అందుకే ఆ పేరు.

"ఇది బడా, బొమ్మల కొట్టా?" అని స్టాఫ్ రూములో అందరి ముందూ దెప్పేదాన్ని. చిన్న టీచరు నవ్వి ఊరుకునేది.

పరీక్షలకు నెల ముందు ఆమె పురిటి సెలవు మీద వెళ్లింది. తరగతి నా నెత్తిన పడింది. మొదటి రోజే గిన్నెలూ గుండీలూ బీరువాలో పెట్టి తాళం వేశాను. "ఆటలు చాలు, పుస్తకాలు తీయండి" అన్నాను.

లెక్కల పరీక్షలో పిచ్చుక ఐదు గడులు ఖాళీగా వదిలేసింది. ఐదింటికీ ఎర్రగీత కొట్టాను. రెండు మార్కుల తేడాతో తప్పింది. మా బడిలో తప్పితే మళ్లీ అదే తరగతి.

వాళ్లమ్మ మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది.

"అన్నీ చేశానంటోంది టీచర్. ఒక్కటీ వదల్లేదట. ఇంకోసారి చూడరూ?"

"చేస్తే కాగితం మీద కనపడాలి కదమ్మా!"

పిచ్చుక తల్లి చెయ్యి పట్టుకుని నా వంకే చూస్తోంది. దాన్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు నేను.

సెలవు ముగించుకొచ్చిన చిన్న టీచరు ఆ కాగితం చూసి, బీరువా తాళం తీసింది. గిన్నెలో మూడు గుండీలు వేసి, మూడూ తీసేసింది.

"ఇప్పుడు ఇందులో ఎంతుందక్కా?"

"ఏముంది, ఖాళీ."

"అదే రాసిందక్కా పిచ్చుక. ఒకటి పక్కన సున్నా పెడితే పది అని చెప్పాను. ఏమీ మిగలకపోతే సున్నా రాయాలని ఇంకా చెప్పలేదు. నా దగ్గర ఖాళీ గిన్నె చూపిస్తే చాలు, జవాబు చెప్పినట్టే."

నేనూ చెప్పలేదు. వచ్చనుకున్నాను. మూడులోంచి మూడు, ఐదులోంచి ఐదు. ఆ గడులన్నీ అలాంటివే.

హెడ్‌మాస్టరు దగ్గరికి పరుగెత్తాను. "ఫలితాలు పైకి వెళ్లిపోయాయమ్మా, ఇక నా చేతుల్లో లేదు" అన్నాడు. దర్జీ కొట్టుకు వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ మిషను ఆపకుండానే "పోనీలెండి టీచర్" అంది. తిట్టినా బాగుండేది.

ఈ ఏడు ఒకటో తరగతి నాకే ఇవ్వమని అడిగి తీసుకున్నాను. పిచ్చుక తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుంటోంది. నోరు విప్పడం లేదు. ఇవాళ గిన్నెలు బయటికి తీసి, ఒకటి దాని ముందు పెట్టాను.

"నాలుగు వెయ్యమ్మా. నాలుగూ తీసెయ్."

వేసింది, తీసింది. నా మొహం చూసి, గబుక్కున ఒక గుండీ మళ్లీ వేసింది.

"అదెందుకు వేశావు తల్లీ?"

"ఖాళీగా ఉంటే మీరు గీత కొడతారు కదా టీచర్."

"లేదమ్మా, అప్పుడు తప్పు నాదే. నువ్వు కరెక్టుగానే చేశావు" అన్నాను.

అది బుద్ధిగా తలూపింది. గుండీ మాత్రం తీయలేదు.