కనిపించిందే చెప్పండి

కళ్లజోళ్ల షాపులో పిచ్చుక రోజంతా చెప్పే మాట ఒకటే. "ఊహించొద్దండీ, కనిపించిందే చెప్పండి." గోడకు వేలాడే అక్షరాల అట్ట ఎదురుగా మనుషుల్ని కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, చేతిలో పుల్లతో ఒక్కో వరుసా చూపిస్తూ పోవడం ఆమె పని. పై వరుసలో అక్షరం గుమ్మడికాయంత ఉంటుంది. అట్టడుగు వరుసకొచ్చేసరికి చీమ తలకాయంత. కనిపించలేదని ఒప్పుకోవడం మనిషికి ఎంత కష్టమో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పెద్ద పెద్ద మీసాలవాళ్లు కూడా ఆ కుర్చీలో కూర్చోగానే మెడ చాచి, కళ్లు చికిలించి, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కాలని చూస్తారు. అప్పుడామె పుల్ల దించి ఆ మాట అంటుంది. అంతకు మించి పెద్దగా మాట్లాడదు.

పిచ్చుక అని పిలవడం మొదలుపెట్టింది అక్క. చిన్నప్పుడు ఏ చిన్న అలికిడికైనా ఉలిక్కిపడేదని. అసలు పేరు కాగితాల మీదే మిగిలిపోయింది. పెళ్లయి అక్క దూరపు ఊరు వెళ్లిపోయాక ఇద్దరూ కలిసి ఉన్న గదిలో ఇప్పుడామె ఒక్కతే. బట్టలారేసుకోవడానికి ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన తాడు అలాగే ఉంది. కిటికీ వైపు సగం అక్కది, తలుపు వైపు సగం తనది. అక్క వెళ్లాక కూడా పిచ్చుక తన బట్టలన్నీ తలుపు వైపే ఇరికించి ఆరేస్తుంది. సాయంత్రం తాళం తీయగానే అలవాటుగా "వచ్చా" అంటుంది. ఆ మాట గోడకు తగిలి మళ్లీ ఆమె దగ్గరికే వస్తుంది.

అందుకే అక్క ఉండే ఊళ్లో ఏ ఉద్యోగం కనిపించినా దరఖాస్తు పెట్టేది. ఎక్కడెక్కడ పెట్టిందో ఆమెకే గుర్తులేదు. ఎవరూ పలకలేదు. చివరికొక మధ్యాహ్నం, షాపులో జనం పలచబడ్డాక, ఫోన్లో మెయిల్ వచ్చిన చప్పుడైంది. అక్కవాళ్ల ఊళ్లోని పెద్దాసుపత్రి పేరుతో ఉంది. "అభినందనలు. మీరు ఎంపికయ్యారు. మంచి జీతం, ఉండటానికి గది, వెంటనే చేరవచ్చు." పిచ్చుక ఫోన్‌ను ముక్కుకు ఆనేంత దగ్గర పెట్టుకుని చదివింది. ఆమె ఎప్పుడూ అలాగే చదువుతుంది. చదివి, వెనక గదిలోకి వెళ్లి మళ్లీ చదివింది.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, నాకు ఉద్యోగం వచ్చింది. మీ ఊళ్లోనే."

"నీకా? ఎవరిచ్చారే? నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడలేవు కదే."

"మాట్లాడాల్సిన పనే పడలేదు. మెయిల్లోనే ఇచ్చేశారు."

"అదృష్టమంటే నీది. మీ బావ చెప్పులరిగేలా తిరిగితే గానీ దొరకలేదు."

"ఆసుపత్రి మీ ఇంటికి దగ్గరేనట కదా. రోజూ పాపాయిని ఎత్తుకోవచ్చు."

"రా, రా. చూద్దాం." వెనక పాపాయి ఏడుపు వినిపించింది. "పొయ్యి మీద ఏదో మాడుతోంది, మళ్లీ చేస్తానే."

మళ్లీ చేయలేదు. పిల్లతో తీరికెక్కడిది అనుకుంది పిచ్చుక. "రా, రా" అన్న మాట మాత్రం ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే మెయిల్ రావడం మొదలైంది. "శుభోదయం. మీకు ఈ రోజు శుభం కలగాలి." ఆ వేళప్పుడు ఆమెను పలకరించే ప్రాణి ఇంకొకటి లేదు. పళ్లు తోముకుంటూనే జవాబు రాసేది. అడిగినదానికే జవాబిచ్చి ఊరుకునేది కాదు. ఇక్కడ వాన పడుతోందని, తనకు ప్రయాణం కొత్తని, కొత్తవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పూడుకుపోతుందని కూడా రాసింది. వానకు గానీ గొంతుకు గానీ అటునుంచి ఒక్క మాట రాలేదు. పెద్ద ఆఫీసు, పనులుంటాయి అని సర్దిచెప్పుకుంది. తర్వాత పని మాట వచ్చింది. గుర్తింపు కార్డు ఫొటో, బ్యాంకు పాసుబుక్కు ఫొటో పంపాలి. ఫోన్‌కొక కోడ్ వస్తుంది, అదీ చెప్పాలి. రేపు సాయంత్రంలోగా పంపకపోతే ఆ స్థానం వేరేవాళ్లకు వెళ్లిపోతుంది.

పిచ్చుక ఆ పూటే ఫొటోలు తీసి పెట్టుకుంది. పొద్దున్నే షాపాయనతో వెళ్లిపోతున్నానని చెప్పేసి, భోజనాల వేళ పంపించేద్దామనుకుంది.

షాపాయనను ఆమె బాబాయ్ అనే పిలుస్తుంది. చుట్టరికమేమీ లేదు. తెల్లారి వెళ్లేసరికి ఆయన ఒక ఫ్రేము ఒళ్లో పెట్టుకుని, కనిపించీ కనిపించని మరమేకును బిగిస్తున్నాడు.

"బాబాయ్, మీతో ఒక మాట."

"రెండు చెప్దువుగాని. ముందా కుర్చీలో పెద్దమనిషిని చూడు. డ్యూటీకి టైమైపోతోందని నా ప్రాణం తీస్తున్నాడు."

కుర్చీలో ఉన్నది బస్సు డ్రైవరు. చూపు బాగుందని కాగితం రాసిస్తే గానీ బస్సు చేతికివ్వమన్నారట. పిచ్చుక రాకముందే ఒక పంతులమ్మ బాబాయి ముందు అట్టంతా తరగతిలో పాఠం చెప్పినట్టు గట్టిగా చదివి వెళ్లింది. పిచ్చుక పుల్ల ఎత్తింది. డ్రైవరు గడగడా అప్పజెప్పాడు. పుల్ల రెండో వరుసలో ఉండగానే అతను మూడో వరుసలో ఉన్నాడు. బాబాయి తలెత్తకుండానే వేలితో సైగ చేశాడు. పిచ్చుక ఆ అట్ట తీసి, దాని వెనకున్న రెండో అట్ట తగిలించింది. ఎప్పుడో గానీ అవసరం పడదు కనుక ఆ అక్షరాలు ఆమెకు కంఠతా రావు. జవాబులున్న చీటీ చేతిలో పట్టుకోవాల్సిందే. అట్టవైపు చూస్తే కింది వరుసలు మసకగా ఉన్నాయి. దుమ్ము పట్టిందేమో, తుడవాలి అనుకుని చీటీని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

డ్రైవరు ఏ తడబాటూ లేకుండా మళ్లీ పాత అట్టనే అప్పజెప్పాడు.

బల్ల మీద వరుసలో కూర్చున్నవాళ్లు నవ్వారు. "అన్నా, ఆ అట్ట ఎప్పుడో దిగిపోయింది," అన్నాడు బాబాయి. "నువ్వింకా దానికే టిక్కెట్లు కొడుతున్నావు."

డ్రైవరు ముఖం చిన్నబోయింది. "మోసం చేద్దామని కాదు తల్లీ," అన్నాడు, బాబాయితో కాదు, పిచ్చుకతో. "ఆవిడ చదువుతుంటే విన్నా. తర్వాత చూస్తే నిజంగానే కనిపించినట్టే ఉంది. కనిపించాలని అంతగా అనుకున్నా కదా."

"అద్దాలు పెట్టుకుంటే బస్సు నీదే," అన్నాడు బాబాయి. "పెట్టుకోకుండా నడిపితే ఏ గోడదో అవుతుంది. కూర్చో, నంబరు చూస్తా."

అలా పిచ్చుక చెప్పదలచుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది.

భోజనాల వేళ ఆమె వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషను పక్కన కూర్చుని మెయిల్ తెరిచింది. ఫొటోలు జతచేసింది. ఇక పంపడమే. బొటనవేలు తెర మీదికి వెళ్లి ఆగింది. కనిపించాలని అంతగా అనుకున్నా కదా, అన్న డ్రైవరు ముఖం కళ్లముందు కదిలింది. ఆ మెయిల్ ఆమెకూ కంఠతా వచ్చేసింది మరి. ఎన్నిసార్లు చదివిందో.

ఊహించొద్దు, అనుకుంది. పుల్ల తెచ్చుకుని తెర మీద మొదటి వరుస కింద పెట్టింది.

"ప్రియమైన అభ్యర్థి" అని ఉంది. తన పేరు లేదు. ఇన్నాళ్లూ అక్కడ తన పేరున్నట్టే చదువుకుంది. పుల్ల కిందికి జరిపింది. జీతముంది, గది ఉంది, ఏం పని చేయాలో ఎక్కడా లేదు. ఆసుపత్రి పేరు మెయిల్ చిరునామా మొదట్లో ఉంది గానీ, దాని తోక, @ తర్వాతి ముక్క, మాత్రం డబ్బులివ్వకుండా ఎవరైనా తెరుచుకునే రకం. తనదీ అదే తోక. అడగందే అమ్మైనా పెట్టదంటారు. తను ఈ ఆసుపత్రికి దరఖాస్తు పెట్టిన గుర్తే లేదు, వాళ్లు నీకేం వచ్చని అడిగింది లేదు. రేపటికల్లా పంపమన్న తొందర మాత్రం ఉంది. కోడ్ ఆమె ఫోన్‌కు వస్తే ఉద్యోగమిచ్చేవాళ్లకు దానితో ఏం పని?

ఇంకా మిగిలిన ఆశతో ఒక పని చేసింది. మెయిల్లో ఉన్న నంబరుకు కాకుండా, ఆసుపత్రి సొంత వెబ్‌సైట్‌లో వెతికి అక్కడున్న నంబరుకు ఫోన్ చేసింది. కొత్తవాళ్లతో మాట్లాడాల్సి వచ్చినా చేసింది.

అటు ఒక అలసిన ఆడగొంతు. "మేమెవర్నీ తీసుకోవట్లేదమ్మా. మీలాగే రోజూ ఎవరో ఒకరు చేస్తున్నారు. ఏమైనా పంపేశారా?"

"లేదండీ."

"బతికిపోయారు. ఇక జవాబివ్వకండి." పెట్టేసింది. అవతల ఇంకో ఫోన్ మోగుతోంది.

ఫొటోలు తీసేసింది. తర్వాత అక్కకు చేసింది. విషయమంతా విని అక్క "అయ్యో" అంది. ఆ వెంటనే "పోనీలేవే, ఒకందుకు మంచిదే" అంది. "ఈ ఇల్లు మాకే చాలట్లేదు. నువ్వొస్తే ఎక్కడ సర్దాలా అని నేనూ బావా..." అని ఆగిపోయింది. "అంటే రావద్దని కాదు పిచ్చుకా."

"తెలుసక్కా. వాళ్లు ఉండటానికి గదిస్తామన్నారుగా."

"నాకు తట్టనే లేదు చూడు. పాపాయి కాస్త పెద్దదవనీ, అప్పుడు వచ్చి ఉందువుగాని."

"అలాగే."

అక్క అబద్ధమాడలేదు. ఆ రోజు "రా, రా" అన్నాక "చూద్దాం" అని కూడా అంది. ఆ మాట అక్కడే ఉంది. పిచ్చుకే చదవలేదు.

సాయంత్రం గది తాళం తీసి "వచ్చా" అనబోయి ఊరుకుంది. తెల్లారి ఇంకా లేవకముందే ఫోన్ చప్పుడు చేసింది. "శుభోదయం. మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాం." తన కోసం ఎదురుచూస్తున్నామని ఈ లోకంలో ఇంకెవరూ రాయలేదు. ఆమె చాలాసేపు ఆ మాటను చూస్తూ పడుకుంది. దొంగలని తెలిసీ, శుభోదయం అని ఒక్క ముక్క రాస్తే ఏం పోతుంది అనిపించింది కూడా. చివరికి ఆ చిరునామా నుంచి ఇక ఏదీ రాకుండా చేసి, లేచి పళ్లు తోముకుంది. గదిలో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

షాపులో బాబాయి అడిగాడు. "నిన్న ఏదో మాట అన్నావే?"

చెప్పింది. నేల చూస్తూ, ముక్కలు ముక్కలుగా, మొత్తం.

"నాతో ముందే అంటే ఏం పోయేది?"

"మీరు వద్దంటారని."

"వద్దని నేనెందుకంటాను? పిలిచింది ఎవరని అడిగేవాణ్ని." ఆయన కాసేపు ఫ్రేము తుడిచాడు. "ఇంతకీ నిన్న ఆ చీటీని ముక్కుతో చదివావేంటి?"

"అలవాటు బాబాయ్."

"వచ్చి కుర్చీలో కూర్చో."

పిచ్చుకకు నవ్వొచ్చింది. "నాకెందుకు? ఏటా చూస్తూనే ఉన్నారుగా. అట్టంతా నాకొచ్చు."

"అదేనే నీ జబ్బు," అన్నాడు బాబాయి. వెళ్లి రెండో అట్ట తగిలించి, చీటీ జేబులో వేసుకుని, పుల్ల తీసుకున్నాడు.

ఇన్నేళ్లూ అట్ట అప్పజెప్పి లేచిపోవడమే గానీ, ఆ కుర్చీలో కూర్చుంటే గోడ అంత దూరంగా ఉంటుందని ఆమె గమనించలేదు. పై వరుస చెప్పింది. దాని కిందిదీ చెప్పింది. పుల్ల ఇంకా దిగింది. అక్కడేదో ఉంది, బూడిదరంగు గీతలా. గుండ్రటి అక్షరమంటే సరిపోవచ్చు. ఏదో ఒకటి అంటే బాబాయి ఊరుకోవచ్చు కూడా. పుల్ల కదలకుండా అక్కడే ఉంది.

"కనిపించట్లేదు బాబాయ్."

"దీని పైది?"

పిచ్చుక కళ్లు చికిలించలేదు. మెడ చాచలేదు.

"అదీ కనిపించట్లేదు."

బాబాయి పుల్ల పక్కన పెట్టి, అద్దాల పెట్టె తెరవడానికి వచ్చాడు.