మూడో బెంచీ పిల్ల హాజరు

...ఒక్కరు వింటున్నా అది పాఠమే, ఎవరూ వినకపోతేనే కదా పిచ్చి గొణుగుడు అనుకుంటూ లెక్కల మాస్టారు ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించారు. రోగం భయానికి బడి మూసి ఏడు నెలలు. నలభై మందిలో లింకు నొక్కేది పదకొండు మంది. "ప్రెజెంట్ సార్" అనేసి పది నిమిషాల్లో పదిమందీ జారుకుంటారు. మిగిలేది మూడో బెంచీ పిల్ల. మొహం కనబడదు, గొంతు వినబడదు. అయినా గంట పూర్తయ్యేదాకా తెరమీద ఆ నల్లగడి కదలదు. ఆయన ఇన్నాళ్ళూ బతికింది ఆ గడిని చూసుకునే.

"గోడకి చెప్పినా ఈపాటికి పాసయ్యేది," అంది భార్య వంటింట్లోంచి.

"ఆ పిల్ల వింటుందే!"

అన్నాక ఆయనకే గుబులు పుట్టింది. "అమ్మా, మైకు ఆన్ చెయ్యి. ఇవాళ జవాబు నువ్వే చెప్పాలి," అని నాలుగుసార్లు అడిగారు.

ఫోన్లోంచి రాయి కోసే మిషను రొద చెవులు చిల్లులు పడేలా మోగి, ఆగింది.

"నేను సార్, పాప నాన్నని. టైల్స్ మేస్త్రీని."

"పాపేదయ్యా?"

"మాస్కులు కుట్టే షెడ్డులో పనికి పెట్టాం సార్, మూడు నెలలైంది. ఉన్నది ఒక్క ఫోను. పదింటికి మీ లింకు నొక్కి జేబులో పడేస్తా. హాజరు పోకూడదు కదా."

"మరి పాఠం?"

"నేనే వింటున్నా సార్, ఇంటికెళ్ళి చెబుదామని. భిన్నాల దాకా బానే పట్టాను. ఆ 'ఎక్స్' గాడు వచ్చాకే బుర్ర తిరిగింది."

"చెప్పావా?"

"వెళ్ళేసరికి పడి నిద్రపోతుంటుంది. లేపబుద్ధి కాదు." గొంతు తగ్గింది. "హాజరు మాత్రం ఆపకండి సార్. పేరు కొట్టేస్తారట."

మిషను మళ్ళీ మొదలైంది.

మాస్టారు హాజరు పట్టీ ముందుకు లాక్కున్నారు. ఆ పిల్ల పేరు వరసలో మూడు నెలల టిక్కులు, ఒక్కటీ తప్పకుండా. పిల్ల కోసం పెట్టాననుకున్నారు. తన కోసమే పెట్టుకున్నారు. ఇంకొకటి పెడితే పిల్ల కాగితం మీద బడిలోనే ఉంటుంది. బడిలో ఉన్న పిల్లని వెతికేదెవరు? లేదని రాస్తే మాత్రం వెతుకుతారా? పేరు కొట్టేసి చేతులు దులుపుకుంటారు. ఎటు తిరిగినా గోడే.

"అయిందా పాఠం?" అంది భార్య.

ఆయన పెన్ను మూత తీసి, ఆ పిల్ల పేరుకెదురుగా ఇవాళ్టి తేదీ కింద 'రాలేదు' అని రాశారు.