చూరులో రెండు కొడవళ్ళు

"ఇంకా ఎందుకు బొంకుతావే? షెడ్డులో గ్రీజు కాకపోతే నీ కొడవలికి ఇంత జిడ్డు యాడిది?"

పొద్దున మొదలైన గొడవ గంజి చల్లారినా ఆగలేదు. అత్త ఓబులమ్మకు కోడలు గురవమ్మ మీద అనుమానం నిన్నటిది. ఆత్మకూరు షెడ్డులో గురవమ్మతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్ళు పాత గని యంత్రాల ముక్కలు తుడిచి, గ్రీజు పూసి, మైనం కాగితం చుట్టి పెట్టెల్లో సర్దుతారు. అవి మద్రాసులో ఓడెక్కుతాయి. ఈసారి అక్కడ పెట్టెలు విప్పితే అంతా తుప్పే. ఎవరో గ్రీజు ఎత్తుకుపోయి పలచగా పూశారు, ఇవాళ సాయంత్రంలోగా పేరు చెప్పకపోతే ఒక్కరికీ పని లేదన్నాడు మేస్త్రి శీనయ్య. అప్పటినుంచి ఒకరి కొంగు ఒకరు వాసన చూసుకుంటున్నారు.

"చేతికంటింది తుడిచినానత్తా. డబ్బాలో చెయ్యి పెట్టలా."

"దొంగలందరూ చెప్పేది అదే."

మొగుడు మాల్యాద్రి గంజి తాగుతూ అన్నాడు. "మీ షెడ్డులో ఆ చెంచులక్ష్మి పేరు చెప్పేసి రాకూడదా? దానికెవరుండారు అడిగేదానికి?"

గురవమ్మ గంజి కుండ మీద మూత పెట్టేసింది.

ఓబులమ్మ చూరులోంచి కొడవళ్ళు రెండూ లాగింది. కోతలయ్యాక ఆముదం పూసి దోపడం ఆ ఇంటి అలవాటు. ఈసారి గురవమ్మ మాత్రం చేతికున్న గ్రీజు వృథా ఎందుకని తన కొడవలికి రుద్దింది. అదే చూరు, అదే వాన. ఆముదం కొడవలి నిగనిగలాడుతోంది. రెండోది జిడ్డు కింద ఎర్రగా పొక్కిపోయింది.

ఓబులమ్మ జిడ్డు గీకి నాలుకకు తాకించి ఉమ్మేసింది. "ఉప్పగుండాది. తోళ్ళ మండీలో గీకేసిన కొవ్వు కలిపినారే ఇందులో. పెళ్ళికి ముందు తోళ్ళకు ఉప్పు రుద్దిన చెయ్యి నాది, నాకు తెలీదా?"

అసలు గ్రీజు మేస్త్రి అమ్ముకుని ఉప్పు కొవ్వు కలిపాడని, అందుకే అంతా తుప్పని గురవమ్మకు అర్థమైంది. ఈ కొడవలి చూపిస్తే మేస్త్రి బయటపడతాడు. గ్రీజు ఇంటికి తెచ్చిన తన చెయ్యీ బయటపడుతుంది.

మధ్యాహ్నం మిగతా పదకొండు మందినీ పిలిచి వాకిట్లో కొడవలి పెట్టింది.

"అయితే దొంగవు నువ్వేనా?" అంది చెంచులక్ష్మి. "నిన్న నా సంచి ఎతికింది కూడా నువ్వే గదా."

గురవమ్మ తల వంచుకుంది. వెనకనుంచి దేవకమ్మ గొణిగింది. "మా తలుపు బందుకు నేనూ చేతి జిడ్డు తుడిచినా. అదీ తుప్పే."

"నా బొక్కెన కడ్డీ," అంది ఇంకొకామె.

చెంచులక్ష్మి గొంతు తగ్గింది. "నా కత్తిపీట."

ఎవరో కిసుక్కున నవ్వారు. "పన్నెండు మందిమీ దొంగలమే. ఇంక ఎవరి పేరు చెప్తాం?"

తుప్పు పట్టినవన్నీ మోసుకెళ్ళి షెడ్డులో మేస్త్రి ముందు పడేశారు.

"గ్రీజు డబ్బా మూత తియ్యి శీనయ్యా," అంది గురవమ్మ. "ఒక్కసారి నాకి చూడు."

శీనయ్య మూత మీద కాలు పెట్టాడు. ఆడవాళ్ళు కదల్లేదు. డబ్బా చుట్టూ కూర్చున్నారు. పెట్టెలు కట్టేవాళ్ళు లేక మద్రాసు లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. రేపు పోలీసులను పిలిపిస్తానని షెడ్డు కంట్రాక్టరు అరిచిపోయాడు.

పొద్దుగూకే ముందు గురవమ్మ ఇంటికొచ్చింది. సంగటి ముద్దలు అందరికీ పెట్టింది. తను కూర్చోలేదు. ఆముదం కొడవలి చూరులోంచి తీసి గుడ్డలో చుట్టింది.

"ఇది కూడా ఆ డబ్బా పక్కనే పెడతా, ఆముదానికి తుప్పు పట్టలేదని అందరూ చూస్తారు," అంది మెల్లగా. "శీనయ్యోళ్ళు డబ్బా మార్చకుండా కాపలా ఉండాం. ఎవరి పేరూ చెప్పం. రేపు పోలీసోళ్ళు నన్ను తీసుకుపోతే మిగతా పదకొండు మంది ఆడనే ఉంటారు. నేను వచ్చేదాకా సంగటి నువ్వు కెలుకు మాల్యాద్రీ. అత్తకు చేతులు నొప్పి."