కాంత్ నీలం

అన్నం నీలంగా ఉంటుందా ఎక్కడైనా, ఎటు చూసినా వరి తప్ప మరోటి కనపడని ఊళ్ళ మధ్య పుట్టి పెరిగి, మూడు పూటలా ఆ అన్నమే తిన్నవాడు, తీరా బొమ్మలో కంచం దాకా వచ్చేసరికి నీలం పులిమేశాడే, పోనీ ఒక్క అన్నమా, మేకా నీలమే, మేక తినే గడ్డీ నీలమే, నవ్వుతున్న అవ్వ నోట్లో మిగిలిన ఒక్క పన్నూ నీలమే, హవ్వ, అని తన పాత బొమ్మలకి తనని తనే తిట్టుకుంటూ కాంతారావు నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, బస్సు కిటికీ ఊచకు తల ఆనించి ఎడమ కన్ను మూశాడు, చల్లపల్లి దాటింది, రోడ్డుకి రెండు పక్కలా నాట్లు కుదురుకున్న చేలు, కుడి కంటికి అవన్నీ పల్చటి టీ నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి, మెత్తగా, కాస్త నిద్రమత్తుగా, ఇప్పుడు కుడిది మూసి ఎడమది తెరిస్తే, అబ్బో, అవే చేలు ఎవరో కసిరి లేపినట్టు ఉలిక్కిపడి పచ్చగా నిలబడ్డాయి, గట్టు మీద కొంగ ఉందని కూడా ఇప్పుడే తెలిసింది, ఎడమది కొత్త కన్ను, కిందటి నెల గుడివాడలో డాక్టరుగారు శుక్లం తీసి లెన్సు పెట్టిన కన్ను, కుడిది పాతది, రేపు పొద్దున దాని వంతు, అందుకే ఇవాళ సాయంత్రానికల్లా గుడివాడ చేరి పరీక్షలు చేయించుకోవాలి, మాణిక్యమ్మ నిన్ననే వెళ్ళి అక్కడ చెల్లెలింట్లో ఎదురుచూస్తోంది, మొగుడు బుద్ధిగా బందరులో గుడివాడ బస్సెక్కి ఉంటాడనుకుంటోంది పిచ్చిది, గుడివాడ బస్సు నిజంగానే సిద్ధంగా ఉంది, డ్రైవరు హారన్ కూడా కొట్టాడు, ఈయనగారి కాళ్ళే పక్కనున్న అవనిగడ్డ బస్సెక్కాయి, కాళ్ళ మీదకి నెట్టెయ్యడం సులువే, అసలు సంగతి భయం, ఆ పాత కన్ను పోతే తన బొమ్మ కూడా దానితోనే పోతుందేమోనని భయం.

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు బొమ్మలే తిండి పెట్టాయి, ఉద్యోగం లేదు, పై అధికారి లేడు, బందరులో మేడ మీద ఒక గది, ఒక బల్ల, మొదట్లో వారపత్రికల వాళ్ళు కథలు పోస్టులో పంపేవాళ్ళు, సగం చదివేసరికే పెన్సిలు కదిలేది, జడలో పూలు, గుమ్మంలో నిలబడ్డ మొగుడు, కింద మూలన కాంత్ అని సంతకం, తర్వాత ఒక్కో పత్రికా మూతపడింది, పెళ్ళికార్డుల మీదకి వినాయకుళ్ళని వేశాడు, చిలకలపూడి రోల్డుగోల్డు నగల వాళ్ళ కేటలాగుల్లో హారాలు వేశాడు, ఇక ఈ పనికి రోజులు దగ్గరపడ్డాయి అనుకుంటున్నప్పుడు హైదరాబాదు నుంచి లిఖిత ఫోన్ చేసింది, పిల్లల పుస్తకాలు వేసే సంస్థలో ఎడిటరు, సార్, మీ చిన్నప్పటి ఊరు వేసిస్తారా సార్ అంది, వేశాడు, కాలవలు, పడవలు, పాకలు, ఎదురుగా ఏదీ పెట్టుకోకుండా గుర్తున్నవి గుర్తున్నట్టు, ఆ పుస్తకం వచ్చాక జనం ఆ నీలం గురించే మాట్లాడారు, కలలోంచి తీసిన రంగు అన్నారొకరు, తెల్లవారుజాము రంగు అన్నారింకొకరు, ఢిల్లీ పిలిచి శాలువా కప్పి, ఈ నీలానికి మీ ప్రేరణ ఏమిటండీ అని మైకు మూతి దగ్గర పెట్టారు, కృష్ణమ్మ అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక, చప్పట్లు కొట్టారు, లిఖితైతే దానికి కాంత్ నీలం అని పేరే పెట్టేసింది, అలాంటి పుస్తకాన్ని, కొత్త కన్ను కుదుటపడ్డాక సరదాగా తెరిచిన మనిషి, ఇదేమిటే, అచ్చులో తప్పు పోయిందా అని కేక పెట్టాడు, మాణిక్యమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ తలెత్తి, అచ్చు బానే ఉంది, మీకిప్పుడు తెలిసిందా, ఏళ్ళ తరబడి అన్నం కూడా నీలంగానే ఏస్తన్నారు అంది, మరి చెప్పొద్దుటే, చెప్పటానికి నాకేం తెలుసండీ, శాలువాలు కప్పుతుంటే అదేదో స్టైలు కామోసనుకున్నా.

డాక్టరుగారిని అడిగితే ఆయన ఎంతో మామూలుగా చెప్పేశాడు, శుక్లం ముదిరేకొద్దీ కంట్లో పసుపు పేరుకుంటుందండీ, నెమ్మదిగా వస్తుంది గనక మనకి తెలీదు, నీలం కంటికి ఆనదు, ఆనదు గనక మీరు ఎక్కువ వేసుంటారు, అంతే, అంతేనట, కాంతారావుకి బీరువాలో మడతపెట్టి ఉన్న శాలువా గుర్తొచ్చి ఒళ్ళంతా సిగ్గేసింది, తనకి కాదు, తన శుక్లానికి కప్పారన్నమాట, సరే పోనీ, తప్పు తెలిసింది, దిద్దుకుందాం అని, లిఖితకే వేస్తున్న కొత్త పుస్తకంలో మిగిలిన ఆఖరి బొమ్మ, కృష్ణ సముద్రంలో కలిసే చోటు, రెండు పేజీల నిండా రావలసింది, దాన్ని కొత్త కంటితో వేశాడు, ఫోటోలు ముందు పరుచుకుని, ఆకుకి ఆకు, అలకి అల, ఎక్కడా ఒక్క రంగు దారి తప్పకుండా, పంపాక లిఖిత ఫోన్ చేసి, చాలా నీట్‌గా ఉంది సార్, కానీ, ఏమీ అనుకోకండి, ఇది మీరే వేశారా సార్ అంది, నేనేనమ్మా అన్నాడు, అహ, బాగుంది సార్, బాగుంది, కానీ మీరు కనపడట్లేదు సార్, ఇంకొక్కసారి చూస్తారా, ఆ పిల్ల మంచిది, మర్యాద తెలిసినది, ఆ మర్యాదతోనే ఎంత లోతుగా కోసిందో దానికి తెలియదు, అప్పట్నించీ రాత్రింబవళ్ళు ఇదే లెక్క, మసక కంటితో వేస్తే తప్పు బొమ్మ వస్తుంది, అందరికీ నచ్చుతుంది, మంచి కంటితో వేస్తే ఒప్పు బొమ్మ వస్తుంది, అందులో తను ఉండడు, ఉన్న ఒక్క మసక కన్నూ రేపు బాగుచేసేస్తారు, చేయించుకోకపోతే, డాక్టరుగారూ ఇంకో ఏడాది ఆగుదామండీ అంటే, కోప్పడతాడు, పూర్తిగా ముదిరిపోతుందని భయపెడతాడు, పెట్టనీ, పులిగడ్డ వచ్చింది, కింద కృష్ణ, కుడి కన్ను, ఎడమ కన్ను, కుడి కన్ను.

కిందటి నెల ఎడమ కంటి కట్టు విప్పిన రోజు మాణిక్యమ్మ ఎదురుగా వచ్చి నిలబడి, కనపడతన్నానా అని అడిగింది, కనపడింది, నుదుటి మీద గీతలు, చెంప మీద ఎప్పుడొచ్చిందో తెలియని మచ్చ, సగానికి పైగా తెల్లబడ్డ జుట్టు, చేతికున్న చిలకలపూడి గాజులు పూత పోయి అంచుల్లో రాగి బయటపడి, బాగున్నావే అన్నాడు, ఆ గాజుల మీంచి చూపు తీయకుండానే, ఆవిడకి అర్థమైపోయింది, కొంగు సర్దుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది, పాపం అద్దంలో చూసుకుందో ఏమో, అప్పట్నించీ ఆవిడ కాఫీ తెచ్చినప్పుడల్లా తను తల కాస్త పక్కకి తిప్పి కుడి కంటితో అందుకుంటున్నాడు, అందులో ఆవిడ ఇంకా మొహానికి పసుపు రాసుకున్న కొత్త కోడలే, గాజులు మేలిమి బంగారమే, రేపు ఆ కన్ను కూడా పోతే ఆవిడని చూసే చోటు లేకుండా పోతుంది, ఇలాంటి మాట పైకి అంటే ఈ వయసులో ఇదేం విడ్డూరం అని నవ్వుతుంది, నవ్వితే ఎంత బాగుంటుందో.

అవనిగడ్డలో దిగి హంసలదీవి బస్సెక్కి మళ్ళీ అదే పని, కన్ను మూయడం, కన్ను తెరవడం, ఎదురు సీట్లో ఒకామె ఖాళీ సిల్వరు బేసిను ఒళ్ళో పెట్టుకుని తననే చూస్తోంది, చేపలమ్ముకుని ఇంటికి పోతున్న మనిషి, ఆ వాసన చెబుతూనే ఉంది, కోడూరు దగ్గర ఉండబట్టలేక అడిగేసింది, ఏంటండీ బాబాయిగారూ, ఎక్కిన కాణ్ణించీ చూత్తన్నా, అట్టా కన్ను కొడతన్నారేంటి, మా ఆయన కూడా నాకిన్నిసార్లు కొట్టలేదండీ, బస్సంతా గొల్లుమంది, కాంతారావు చచ్చినంత పనై, అయ్యో అమ్మా, ఆపరేషన్ కన్నమ్మా ఇది, రెండిటికీ తేడా చూసుకుంటున్నా అని మొత్తం చెప్పుకున్నాడు, ఆమె పేరు అంకమ్మట, ఓస్ అదా, మా అత్తకీ చేయించాం లెండి, కట్టిప్పిన కాణ్ణించీ ఇల్లంతా బూజులే కనపడతన్నాయంట, నన్ను తిట్టటమే పని అంది, నవ్వులో నవ్వు కలిపి మెల్లగా అడిగాడు, ఆపరేషన్ తర్వాత మీ అత్తకి ఏదైనా పోయినట్టు అనిపించిందా అమ్మా అని, పోవటవేంటండీ, చూపొచ్చింది గదా అంది అంకమ్మ, ఈ మనిషికి కన్నే కాదు, ఇంకేదో తేడా చేసినట్టుందే అన్నట్టు చూస్తూ.

ఊళ్ళో దిగి ఆటో మాట్లాడుకుని, మడ చెట్ల పక్కనుంచి ఇసక దాకా వెళ్ళి, కొసన నిలబడ్డాడు, ఇదే, ఆఖరి బొమ్మ, రెండు పేజీల చోటు, కుడి కంటితో చూస్తే ఏరూ సముద్రమూ ఆకాశమూ అంతా ఒక్కటే బెల్లప్పాకం, ఎక్కడ ఏది మొదలైందో తెలియదు, ఎడమ కంటితో చూస్తే బురద నీళ్ళు ఇక్కడిదాకా, ఉప్పు నీళ్ళు అక్కడినుంచీ అని గీత గీసినట్టు కనపడుతోంది, అల మీద నురగ, నురగలో ఒక ప్లాస్టిక్ సీసా, దాని వెనకాల పరిగెత్తే పీత కాళ్ళు కూడా, చూశాడు, మళ్ళీ చూశాడు, ఏ కంట్లోనూ ఆ నీలం లేదు, పాత కంట్లో ఉంటుందనుకున్నాడు, దాన్ని ఆఖరిసారి తాగినట్టు చూసుకుని పోదామనే ఇంత దూరం వచ్చాడు, తీరా వస్తే అందులో ఉన్నదంతా పసుపే, గోధుమే, మరి అన్ని బొమ్మల్లోకి అది ఎక్కణ్ణించి వచ్చింది, జేబులో ఫోన్ మోగుతోంది, మాణిక్యమ్మే, ఎత్తలేదు, ఏమని ఎత్తుతాడు, అలల పక్కనే కూర్చుండిపోయాడు, పొద్దు కాస్త వాలింది, గాలికి కునుకు పట్టబోయింది, రెండు కళ్ళూ మూతలు పడ్డాయి, మూసిన రెప్పల వెనకాల ఏదో నీలంగా కదిలింది, ఇది కూడా జబ్బేనేమో అనుకుని లేచి ఇసక దులుపుకున్నాడు.

తిరిగి ఊళ్ళోకి వస్తే బస్సుకి ఇంకా టైముంది, రోడ్డు పక్కనే అంకమ్మ ఇల్లు, రండి బాబాయిగారూ, ఆ మంచమ్మీద కూకోండి అని పిలిచి తన పనిలో తను పడిపోయింది, మనవరాలి స్కూలు చొక్కాలు ఉతుకుతోంది, జాడించి పిండి పక్కన పెట్టి, బకెట్టు నిండా మంచినీళ్ళు పోసి, సీసా వంచి నాలుగు చుక్కల నీలిమందు వేసింది, ఆ చుక్కలు నీళ్ళలో పొగలా విచ్చుకుంటూ కిందికి దిగుతుంటే కాంతారావు మంచం మీంచి లేచి నిలబడ్డాడు, అమ్మ, బావి పళ్ళెం మీద గొంతుక్కూచున్న అమ్మ, ఇత్తడి గంగాళం, పక్కన నాన్న పంచెలు, పసుపెక్కిన పాత పంచెలు, తెల్ల బట్టల్లో నీలం పోస్తావేంటే, పాడైపోవూ అని తను ఏడుపు మొహం పెట్టడం, ఓరి పిచ్చి సన్నాసీ, వాడేకొద్దీ బట్ట పసుపెక్కుద్దిరా, కాస్త నీలం తగిల్తే గానీ తెల్లగా కనపడదు, ముంచి తీసి దండెం మీద ఆరేస్తే ఎంత తెలుపు, ఎండలో ఆ పంచె చూసి కళ్ళు చికిలించిన పిల్లవాడు తనే, ఆ తెలుపు తనకి తెలుసు, ఆ పూట తిన్న అన్నం తెలుపు తెలుసు, అంకమ్మ చొక్కా దులిపి తాడు మీద వేసింది, బాబాయిగారూ, ఏంటండీ, ఏడుత్తన్నారా, కంట్లో మందేసుకునే టైమయ్యిందా అంటోంది, లేదమ్మా, లేదు, బాగానే ఉన్నా, ఎంత బాగున్నానో చెప్పలేను అని ఫోన్ తీసి మాణిక్యమ్మకి కలిపాడు, ఎక్కడ తగలడ్డారండీ, ఇక్కడ ప్రాణాలు పోతన్నాయి, హంసలదీవిలోనా, అక్కడేముందండీ మీకు, వచ్చే పని ఉందా లేదా, వస్తున్నానే, ఇదుగో బస్సు కూడా వస్తోంది, పరీక్షలకి కాస్త ఆలస్యమౌతుందని డాక్టరుగారికి చెప్పు, పొద్దున ఆపరేషన్ చేయించుకుంటా, కళ్ళు బాగుపడ్డాక ఆ బొమ్మ మళ్ళీ వేస్తా, ఈసారి ఫోటోలు వద్దు అన్నాడు, ఫోటోలేంటండీ అని ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది, ఎంత తిట్టినా వినాలనే ఉంది, కన్ను పసుపెక్కుతోందని తనకి తెలియదు, ఎవరికీ తెలియదు, లోపల ఎక్కడో ఆ తెలుపు చూసిన పిల్లవాడికి మాత్రం తెలిసింది, వాడు ఒప్పుకోలేదు, చాల్లేదు, ఇంకాస్త, ఇంకాస్త అని ఇన్నేళ్ళూ కుంచెని నీలంలోకి తోస్తూనే ఉన్నాడు, శుక్లం వేసింది పసుపే, నీలం వేసింది తనే.