తలుపు పక్క టేకు కట్టె

చంపాపేట షెడ్డులో ఆ పాత కారు నిద్రలో ఉన్నట్టుంది. మా అమ్మాయి సౌజన్య దాన్ని కొంటానని పట్టుబట్టింది. కొన్న రోజే దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో ఏదో బస్సు దాన్ని నలిపేసినట్టు నాకు అప్పుడే కళ్లకు కట్టింది.

బండ్లకు బాడీలు కట్టే అంతయ్య తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. "జర చూడక్కా. ఇప్పటి కార్లు మొత్తం ఒక్కటే డబ్బా. గిది గట్ల కాదు. కింద ఇనుప చట్రం, మీద టేకు కట్టెల గూడు. దానికి రేకు కొట్టిన్రు."

"కట్టెనా? చెదలు పట్టయా?"

"మా అమ్మకు కలల కూడా చెదలే ఒస్తయి," అని సౌజన్య నవ్వింది.

వెనక సీట్లో కూర్చున్నాను. టేకు వాసన, షెడ్డు కప్పు సందుల్లోంచి ఎండ. ఎల్బీనగర్ బ్రిడ్జిలు మబ్బుల్లో తేలుతున్నట్టు, వాటి మీదుగా మేం చప్పుడు లేకుండా పోతున్నట్టు అనిపించింది. అయినా నా చేయి ఊరుకోలేదు. కొత్త కుండను చూసినట్టు ఒక్కో కట్టెనూ వేలితో కొట్టాను. అన్నీ గట్టిగా పలికాయి. ఎడమ తలుపు పక్క నిలువు కట్టె మాత్రం మెత్తగా పలికింది. పిన్నీసు గుచ్చితే సగం దాకా దిగి, పొడి రాలింది.

సౌజన్య ముఖం వాడిపోయింది. "పోదాం పా అమ్మా. ఇంక నువ్వు ఒద్దనే అంటవ్."

నేను అంతయ్యను అడిగాను. "గీ ఒక్క కట్టె తీసి ఇంకోటి పెట్టొచ్చా?"

"ఎందుకు పెట్టరాదక్కా? డబ్బా కారైతే కోసి అతకాలె. దీనికి మరలు ఇప్పితే సాలు."

ఇన్నాళ్లకు నా భయానికి ఒక చోటు దొరికింది, అదీ జానెడే.

"మార్చు మరి. మళ్ల కొట్టి చూస్త. అప్పుడు కొందాం," అన్నాను, కారు దిగకుండానే.