అమ్మ పేరున ఒక పుస్తకం

గున్సాన్ రేవులో ఎండుచేపలు అమ్మే జొమ్న్యే, కొత్త సంవత్సరం రోజున పెద్దలకు మొక్కితే కూతురికొచ్చే డబ్బులు ఏటా తీసేసుకునేది. "నీ కోసమే దాస్తానే" అనేది. అవి బియ్యానికి పోయేవి.

కూతురు మాల్సున్ మూడో తరగతి చదివే ఏడాది ఆ డబ్బులు తల్లికి ఇవ్వలేదు. బడి తెరవగానే టీచరుకిచ్చి, పోస్టాఫీసులో తన పేరున పొదుపు పుస్తకం తెరిపించుకుంది.

"కన్నతల్లిని దొంగని చేశావటే!" అని జొమ్న్యే అరిచింది.

"దొంగవి కాదమ్మా. నీ దగ్గరుంటే అయిపోతాయి, అంతే."

నాలుగో రోజు తల్లి చేపల వాసనేసే నోట్లు రెండు తీసింది.

"నాకు చదువు రాదుగా. పోస్టాఫీసుకి తోడు రా. నాకూ ఒకటి తెరిపించు."

కాగితం మీద తల్లి పేరు మాల్సున్ రాసింది. ఆ తర్వాత నుంచి డబ్బులు వేయడానికి జొమ్న్యే ఒక్కతే వెళ్ళేది.